ఆచార్య వినోబా భావే – శాంతి సేన

కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన మనకు కలహ మెట్లు పుట్టునో ఒకరు చెప్పనక్కర లేదు. నీరు చాలని యేట కాలువ చివరి పొలములు ఎండును. పైరైతు తూము మూసెనని క్రిందిరైతు అనును. క్రిందిరైతు గట్టు తెగగొట్టెనని పైరైతు అనును. రాత్రివేళ పార భుజమున వేసికొని గట్టుమీదికి పోయినవారు తెల్లవారునప్పటికి ఒకరు ఆసుపత్రిలోను, వేరొకరు ఠాణాలోను ఉందురు. ఆ ముందుదినము సాయంకాలముననే ఇరుపక్షములకును నమ్మకమైన పెద్దమనుష్యు డొకడు ఆ గట్టుమీదికి వచ్చి నీటికి వంతు లేర్పరచియుండిన, ఠాణాకు పనియే కలుగకపోవును. పోలీసు జవాను కలహము జరిగిన పిమ్మట వచ్చును. పెద్దమనుష్యుడు జరుగకముందు రావలెను. కాని ముందు వచ్చుటకు ఆతడు ముందే ఆ యూర నుండవలెను గదా!

లోకమందలి రాజ్యముల సంగతియు ఇట్టిదే. ఐక్యరాజ్యసమితికి స్వంత సైన్యము లేదు. ఎక్కడనైన ప్రజలు ఒకరినొకరు చంపుకొనుచున్నారని తెలిసినపుడు భద్రతామండలి కూడి తీర్మానము చేయవలెను. తరువాత సభ్యరాజ్యములను సైనికులను పంపుడని వేడవలెను. ఓడలు, విమానములు, ధనము సమకూర్చవలెను. ఇంతలో నెలలు గడచును. 1994 వ సంవత్సరమున ఆఫ్రికాఖండమందలి రువాండా దేశమున మారణహోమము ఆరంభమైనపుడు సమితి సైనికులు అచ్చట సుమారు 2,500 మంది యుండిరి. వారిని పెంచుటకు మారుగా 270 మందికి తగ్గించుటకు తీర్మానము జరిగెను. ఇంచుమించు నూరు దినములలో ఎనిమిది లక్షలమంది వరకు హతులైరి. మరల సైన్యమును పెంపవలెనని నిశ్చయించిన పిమ్మట కూడ ఆ సైనికులు చేరునప్పటికి చంపవలసినవారిని చంపుట ముగిసిపోయెను.

కలహమునకు ముందే చేరగల మనుష్యులను సిద్ధము చేయుట సాధ్యమా యను ప్రశ్నతో జీవితమందు పెద్దభాగము గడపినవారిలో వినోబా భావే గారొకరు. వారి చరిత్రలో మన తెలుగు పల్లె యొకటి ముఖ్యస్థాన మాక్రమించియున్నది. భూదానము సంగతి మన విద్యార్థులు పాఠ్యపుస్తకములలో చదివియేయుందురు. శాంతిసేన సంగతి ఎరిగినవారు తక్కువ. అందుచేత ఈ వ్యాసము.

వినోబాగారి అసలుపేరు వినాయక నరహరి భావే. మహారాష్ట్ర దేశమున నాటి కొలాబా జిల్లాలోని గాగోదె యను కుగ్రామమున 1895 సెప్టెంబరు 11 వ తేదీన జన్మించిరి. తండ్రి నరహరి శంభురావు గారు, తల్లి రుక్మిణీబాయి. తండ్రి ఉద్యోగరీత్యా బరోడాలో నుండుటచేత బాలుడు అచ్చటనే చదివెను. గణితమునందు మిక్కిలి ప్రీతి. కాళ్లకు అలుపెరుగక తిరుగు అలవాటు చిన్ననాటినుండియు కలదు. తల్లి పెద్దగా చదువుకొనినది కాదు, కాని భక్తురాలు. ఆమె ప్రభావమే తమపై ఎక్కువ యని వినోబాగారు జీవితాంతము చెప్పుచుండెడివారు. సంస్కృతము తెలియని ఆ తల్లి కోరికను మనసున నుంచుకొని, తరువాతి కాలమున భగవద్గీతను మరాఠీ పద్యములుగా వ్రాసిరి. ఆ గ్రంథము పేరు గీతాయి. అది పూర్తియగునప్పటికి ఆమె జీవించియుండలేదు.

ఒకనాడు ఆ యువకుడు తన పరీక్షాపత్రములను తెచ్చి వంటయింటి పొయ్యిలో వేసి కాల్చివేసెను. (ఇది మన విద్యార్థులు అనుసరింపవలసిన మార్గమని నేను వ్రాయుటలేదు.) 1916 మార్చిలో ఇంటర్మీడియేటు పరీక్షకై బొంబాయికి బయలుదేరి, నడిమిత్రోవను సూరతులో రైలు దిగి కాశికి పోయెను. కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ఆ యేటి ఫిబ్రవరిలో గాంధీగారు చేసిన యుపన్యాసము పత్రికలయందు చదివి, వారికి లేఖలు వ్రాసి, 1916 జూన్ 7 వ తేదీన అహమ్మదాబాదు చెంత కొచ్రబు ఆశ్రమమున వారిని కలిసికొనెను. అటుపైన వేరొక గురువును వెదకుకొనలేదు.

తరువాతి ముప్పది సంవత్సరముల కథ త్వరగా చెప్పవచ్చును. 1921 లో గాంధీగారి యాజ్ఞచే వార్ధాకు పోయి ఆశ్రమ భారము వహించిరి. నూలు వడకుట, నేయుట, నేల త్రవ్వుట, పాకీపని, పాఠము చెప్పుట – ఇవి వారి దినచర్య. 1938 లో ఆరోగ్యము చెడి, వార్ధాకు సమీపమున ధామ్ నదీతీరమునందలి పవనారునకు నివాసము మార్చిరి. 1940 అక్టోబరులో గాంధీగారు వ్యక్తి సత్యాగ్రహము నారంభించినపుడు మొదటి సత్యాగ్రహిగా ఎన్నుకొనినది వినోబాగారినే. రెండవవాడు జవహర్‌లాల్ నెహ్రూ. దేశమున అనేకులు వినోబా యెవరని ఆనాడే మొదటిసారి అడిగిరి. 1942 తరువాతి కారాగారవాసములో కొంతకాలము వెల్లూరు చెరసాలయందు గడపవలసివచ్చెను. అచ్చట వారు తమిళము, తెలుగు, కన్నడము, మలయాళము నాలుగును నేర్చుకొనిరి. దక్షిణదేశపు పల్లెలలో తాము నడువబోవు దినము వచ్చునని ఆనా డెరుగరు. ఎరుగకయే సిద్ధపడిరి.

శాంతిసేన యను మాట గాంధీగారిది. మతకలహములు ప్రబలినపుడు పోలీసులకును సైన్యమునకును మారుగా నిరాయుధులైన స్వచ్ఛందసేవకులు అడ్డముగా నిలువవలెననియు, అందులకు వారు ముందునుండియే ఆ ప్రదేశమున సేవ చేయుచు ప్రజల కెరుకపడియుండవలెననియు 1938 నాటికే వారు తమ పత్రికలో వ్రాసియుండిరి. దేశవిభజన కాలమున నవఖాలీలోను కలకత్తాలోను తామొక్కరే అట్టి సేనగా నిలిచిరి. 1948 ఫిబ్రవరిలో నిర్మాణకార్యకర్తలను సేవాగ్రామమునకు పిలిచి మాటలాడవలెనని తలచియుండగా జనవరి 30 వ తేదీన హత్యకు గురియైరి. ఆ సమావేశము మార్చినెలలో వారు లేకయే జరిగెను. వినోబాగారు ఆ సంవత్సరమున ఢిల్లీ ప్రాంతమున కాందిశీకుల మధ్యను, మేవాతు ముస్లిముల మధ్యను తిరిగి, ఇండ్లు విడిచినవారిని మరల నిలువబెట్టుటకు పాటుపడిరి. శాంతిసేన మాత్రము ఆలోచనగనే నిలిచిపోయెను.

1951 లో హైదరాబాదు చెంత శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము ఏర్పాటయ్యెను. అప్పటికి వినోబాగారు ధనముతో పనిలేని జీవనము చేయవలెనని నిశ్చయించియున్నందున రైలెక్కక, మార్చి 8 వ తేదీన పవనారునుండి కాలినడకను బయలుదేరిరి. సుమారు 300 మైళ్ల దూరము. సమ్మేళనము ముగియగనే తెలంగాణ పల్లెలలోనికి పోవుదుమని వారనగా, వెంటనున్నవారు భయపడిరి.

భయపడుటకు కారణము లేకపోలేదు. నైజాం రాష్ట్రమున దేశముఖుల చేతులలో వేలకొలది ఎకరములుండెను, వెట్టి యుండెను. 1946 జూలైలో కడవెండి గ్రామమున దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు నేలకొరిగిన పిమ్మట రైతుల యుద్యమము సాయుధపోరాటముగా మారెను. రజాకార్లు పల్లెలను తగులబెట్టిరి. 1948 సెప్టెంబరులో భారతసైన్యము ప్రవేశించి నైజాం ప్రభుత్వము పడిపోయెను. కాని భూముల తగవు తీరలేదు. పోరాటము భారతసైన్యముతో మూడేండ్లు సాగెను. పగలు పోలీసులకు భయపడి, రాత్రి దళములకు భయపడి పల్లెప్రజ బ్రదికెను. ఒకరికి అన్నము పెట్టిన రెండవవారు శిక్షించెడివారు.

ఇది దూరదేశపు కథయని మన దివిసీమ పిల్ల లనుకొనరాదు. మునగాల పరగణా నాడు కృష్ణాజిల్లాలోనిదే. నలుదిక్కుల నైజాం సీమ, నడుమ మన జిల్లా తునక. పోరాటము నడపిన నాయకులలో పలువురు కృష్ణాతీరమువారు. మన మోపిదేవి ప్రక్కనున్న చల్లపల్లి జమీందారీ భూములకై రైతులును కూలీలును చేసిన ఆందోళనము ఇప్పటికిని ముసలివారి నోట వినవచ్చును. చల్లపల్లికి నిప్పు తెలంగాణము నుండి ఎగిరి వచ్చినది కాదు. కారణ మొక్కటియే: దున్నువాడొకడు, భూమి వేరొకనిది.

1951 ఏప్రిల్ 15 వ తేదీ శ్రీరామనవమి. ఆ దినమున వినోబాగారు హైదరాబాదు చెరసాలలోనికి పోయి అచ్చట బంధింపబడియున్న కమ్యూనిస్టులతో చాలసేపు మాటలాడి, వారు చెప్పినది వినిరి. ఇది గమనింపదగిన విషయము. కలహమున ఒక పక్షము రాజ్యమైనపుడు, మధ్యవర్తి సాధారణముగా రాజ్యము వాకిట మాత్రమే నిలుచును. ఈయన పోరాడువారి గుమ్మము ముందుగా త్రొక్కి, తరువాత పల్లెలకు నడిచిరి. వారి మార్గమును వినోబాగా రంగీకరింపలేదు; వారెత్తి చూపిన అన్యాయమును మాత్రము నిజమని యొప్పుకొనిరి. భూమి లేనివానికి భూమి దొరకినగాని తుపాకి పల్లె విడిచిపోదని వారికి తోచెను.

ఏప్రిల్ 18 వ తేదీన నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి చేరిరి. నేతగాండ్రకు పేరువడిన గ్రామము. ఉదయమున ఊరంతయు తిరిగి చూచుచు, నాడు హరిజనులని పిలువబడుచుండిన దళితుల వాడకు పోయిరి. అచ్చటి నలుబది కుటుంబములవారు తమకు పని చాలదనియు, భూమి కావలెననియు చెప్పిరి. ఎంత కావలెనని యడుగగా ఎనుబది యెకరములు చాలునని, నలుబది మాగాణి, నలుబది మెట్ట యని లెక్క చెప్పిరి. మొదట వినోబాగారికి తోచిన దేమనగా, అర్జీ వ్రాయించి ప్రభుత్వమునకు పంపుద మని. మనలో ఎవరికైనను మొదట తోచునది అదియే. కాని అర్జీ హైదరాబాదు పోయి తిరిగి వచ్చునప్పటికి ఎన్ని రాత్రులు గడచునో! అందుచేత ఎదుట కూర్చున్న గ్రామస్థులలో ఎవరైనను ఇయ్యగలరా యని వారినే యడిగిరి. వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి, తమ తండ్రి కోరికను తలచుకొని, నూరెకరము లిచ్చెదమని సభలో ప్రకటించిరి. అడిగినది ఎనుబది, వచ్చినది నూరు.

ఆ రాత్రి వినోబాగారికి నిదుర పట్టలేదట. జరిగినది ఆ యొక్క యూరి మంచితనమా, లేక అంతట జరుగదగినదా యని ఆలోచించిరి. గణితమునందు ప్రీతిగలవారు గనుక లెక్క వేసికొనిరి. దేశమందలి భూమిలేని పేదలకు ఐదుకోట్ల యెకరములు కావలెనని తేలెను. తెల్లవారి లేచి తరువాతి యూరికి నడచి అచ్చటను అడిగిరి. ఏబదియొక్క దినములలో రమారమి 200 గ్రామములు తిరిగి సుమారు 12,000 యెకరములు సంపాదించిరి.

ఆ నడక తీరు కొంచెము వివరింతును, ఏలయనగా దానియందే శాంతిసేన బీజమున్నది. తెల్లవారుజామున లాంతరు వెలుతురున బయలుదేరుట, పది పండ్రెండు మైళ్లు నడచి ప్రొద్దెక్కకముందే మజిలీ చేరుట, ఊరు తిరిగి వాడవాడను చూచుట, కష్టసుఖములు వినుట, సాయంకాలము ప్రార్థన, ప్రసంగము, రాత్రి పెందలకడ నిదుర. మోపిదేవినుండి మచిలీపట్టణమునకు ఆయన నడకను రెండు మూడు దినములు పట్టును. కారెక్కి పోయినచో గంటలో చేరుదుము. కాని నడుమనున్న గ్రామము లెవ్వియు మనల నెరుగవు, మనము వానిని ఎరుగము. దేశముఖు గడీలోనివాడును, అడవిలో దళములకు అన్నము మోసినవాడును ఒకే మైదానమున కూర్చుండి ఒకే మాట వినుట ఆ పల్లెలలో ఎన్నియో యేండ్లకు జరిగిన సంగతి. భూమి ఎంత వచ్చెననుట యొక్కటే గాదు, ఆ సభ జరుగుటయే ఒక లాభము.

అయినను తెలంగాణమున శాంతిని నెలకొల్పినది వినోబాయే యని వ్రాయువారితో నే నేకీభవింపను. 1950 నాటి కౌలుదారీ చట్టము, సైన్యము ఒత్తిడి, కమ్యూనిస్టు పార్టీలోనే కలిగిన అభిప్రాయభేదములు, రానున్న ఎన్నికలు – ఇవన్నియు కలిసి 1951 అక్టోబరులో సాయుధపోరాటము విరమింపబడెను. పోరాడినవారి త్యాగము లేకున్న భూస్వాములకు దానబుద్ధి అంత త్వరగా పుట్టెడిదా యను సందేహమును కలదు. కాని భయముతో ఇచ్చుటకైనను, ఇచ్చి గౌరవము నిలుపుకొనుట కొక మార్గము చూపినవారు కావలెను గదా. ఆ మార్గమును వినోబాగారు చూపిరి.

1951 సెప్టెంబరున పవనారునుండి మరల బయలుదేరి, ఉత్తరదేశము, బీహారు, బెంగాలు, ఒరిస్సా తిరిగి, 1955 అక్టోబరున ఆంధ్రదేశమున ప్రవేశించి 1956 వేసవివరకు మన పల్లెలలో నడచిరి. అటుపిమ్మట తమిళదేశము, కేరళము. 1964 ఏప్రిలులో మరల పవనారు చేరునప్పటికి, మొదటి అడుగునుండి లెక్కించిన పదమూడు సంవత్సరములు గడచెను.

శాంతిసేన 1957 ఆగస్టులో కేరళమున పుట్టెను. ఆ యేటనే అచ్చట ఎన్నికల ద్వారా కమ్యూనిస్టు మంత్రివర్గ మేర్పడియుండెను. పక్షములమధ్య ఉద్రేకములు పెరుగుచుండెను. కలహము వచ్చిన పిమ్మట పరుగెత్తుటకంటె రాకముందే మనుష్యులను నిలుపవలెనని వినోబాగారు తలచి, ఎనమండుగురితో సేనను ప్రారంభించిరి. పేరెన్నికగన్న దేశసేవకుడు కేళప్పన్ గారు పార్టీ రాజకీయములను విడిచి అందు ముందునిలిచిరి.

సరిగా ఆ కాలముననే లోకమున వేరొక శాంతిసేన క్రొత్తగా ఏర్పడియుండెను. 1956 లో సూయెజు కాలువకై యుద్ధము సంభవించినపుడు ఐక్యరాజ్యసమితి అత్యవసరసేన యను పేర పలుదేశముల సైనికులను ఈజిప్టునకు పంపెను. భారతసైనికులును గాజా ప్రాంతమున కావలి కాచిరి. అంతకుముందే, 1953 లో, కొరియా యుద్ధఖైదీల వ్యవహారమున తటస్థరాజ్యముల సంఘమునకు మన జనరల్ తిమ్మయ్య గారు అధ్యక్షులై కీర్తి గడించిరి. ఈ రెండు సేనలకును భేదమేమి? సమితి సైనికుడు ఇరుపక్షములు యుద్ధము నిలుపుటకు సమ్మతించిన పిమ్మట, వారి యనుమతితో, తుపాకి ధరించి, పరదేశమునుండి వచ్చును. ఆత్మరక్షణకు దక్క దానిని పేల్చడు. వినోబాగారి శాంతిసైనికుడు ఆ గ్రామముననే యుండును. సామాన్యదినములలో ఆతనిపని సేవ: రోగికి మందు, బావి శుభ్రము, పిల్లలకు చదువు. కలహము పొగరాజుచున్నదని తెలిసినచో ఇరువాడలకును పోయి, వదంతి నిజమా కాదా కనుగొని చెప్పును. ఉద్రిక్తత మించిన నడుమ నిలుచును, ప్రాణమీయవలసిన ఇచ్చును. ఏ పార్టీలోను చేరరాదు. మొదటి సైనికుడు ఆదేశమునకై కాచుకొనును. రెండవవానికి ఆదేశము రానక్కరలేదు. కాని ఆతడు అనేక సంవత్సరములు ఊరక, పేరు లేక, పనిచేయుటకు ఒప్పుకొనవలెను.

ఎంతమంది కావలెను? అయిదువేల జనమునకు ఒక్కరు చాలునని వినోబాగారు లెక్కకట్టిరి. దేశజనాభాను 35 కోట్లుగా తీసికొనిన 70,000 మంది. విద్యార్థులు భాగహారము చేసి సరిచూచుకొనవచ్చును. మరి ఇంతమందికి అన్నవస్త్రము లెవ్వరిత్తురు? ప్రభుత్వ ధనము వలదనిరి; ధనికుల చందాలు వలదనిరి. దానికై వారు కనిపెట్టిన ఉపాయము నాకు మిక్కిలి నచ్చినది. సర్వోదయపాత్ర యని యింటింట ఒక చిన్నకుండ నుంచవలెను. దినమున కొకసారి ఆ యింటి పసిబిడ్డ తన చేతితో పిడికెడు గింజలు అందులో వేయవలెను. పెద్దవారి పిడికిలి కాదు, బిడ్డ పిడికిలియే. గింజలు సేవకుల పోషణకు పోవును. కుండ నుంచిన యిల్లు, తాము అల్లరులలో పాల్గొనమని మాట యిచ్చినట్లు. అన్నము తినకముందు ఆ పిడికెడు వేయుట నేర్చిన బిడ్డకు, ఊరి శాంతికి ఖర్చున్నదని ఊహ తెలియకమునుపే తెలియును.

ఇంత చక్కని లెక్క ఫలించెనా? లేదనియే చెప్పవలెను. శాంతిసైనికుల సంఖ్య ఏనాడును కొన్నివేలకు మించలేదు. కుండలు మొదట ఉత్సాహముతో పెట్టినవారు తరువాత గింజలు తీసికొనిపోవు మనిషి రాక, పురుగుపట్టగా తీసివైచిరి.

అయినను అచ్చటచ్చట జరిగిన పని చిన్నది కాదు. 1960 మేనెలలో వినోబాగారు చంబలు లోయలోని భిండు, మొరేనా ప్రాంతములకు పోయిరి. అది బందిపోటు ముఠాలకు పేరుపడిన సీమ. నైనీ చెరసాలలో ఉరిశిక్షకు ఎదురుచూచుచున్న తహశీల్దారు సింగు, తన తండ్రి మానసింగు ముఠావారి సంగతి వినుటకు రమ్మని వారికి జాబు వ్రాసియుండెను. పదవీవిరమణ చేసిన సైన్యాధికారి మేజర్ జనరల్ యదునాథ సింగుగారు లోయలలో తిరిగి మాట కలిపిరి. ఇరువదిమంది వరకు వచ్చి ఆయుధములు వినోబాగారి ముందుంచి లొంగిపోయిరి. శిక్ష తప్పింతునని వారికి మాట యియ్యలేదు. న్యాయస్థానమున విచారణ జరిగెను. పోలీసు అధికారులలో కొందరు ఈ పద్ధతిని ఆక్షేపించిరి. దొంగలకు గౌరవము కలిగించినట్లగునని వారి వాదము. ఆ వాదమున కొంత సత్యము లేకపోలేదు. కాని పండ్రెండేండ్లకు, 1972 లో, జయప్రకాశ నారాయణు గారి యెదుట వందలకొలది బందిపోట్లు అదేవిధముగా లొంగిపోయిరి.

1962 సెప్టెంబరులో, అస్సామునుండి తిరిగివచ్చు త్రోవలో, నాటి తూర్పు పాకిస్తానమున పదునారు దినములు నడచిరి. రెండు ప్రభుత్వములకును పరస్పరము నమ్మకము లేని రోజులు. అయినను సరిహద్దు తెరచిరి. అచ్చటి ముస్లిము రైతులు కూడ భూమి దానమిచ్చిరి.

ఆ మరునెలలోనే చైనాతో యుద్ధము వచ్చెను. ఇక్కడ శాంతిసేనకు గట్టిపరీక్ష యెదురయ్యెను. వారు దేశములోపలి కలహములకే సిద్ధపడియుండిరి గాని సరిహద్దు యుద్ధమునకు కాదు. హిమాలయముల మంచుదారులలో వారికి తెలిసిన పల్లె లేదు. అవతలి పక్షమున మాటలాడ నెరిగిన మనిషి లేడు. దేశము ఆత్మరక్షణ చేసికొనుటను వినోబాగారు నిందింపలేదు. ఇందులకు విదేశములలోని యుద్ధవిముఖులు కొందరు నొచ్చుకొనిరి. 1963 మార్చి 1 వ తేదీన శంకరరావు దేవ్ గారి నాయకత్వమున కొందరు స్వదేశీయులును విదేశీయులును ఢిల్లీనుండి పెకింగునకు మైత్రీయాత్రగా బయలుదేరిరి. నెలలకొలది నడచి అస్సాము చేరిరి. చైనా వారిని రానీయలేదు. యాత్ర అంతటితో ఆగెను. యుద్ధము జరిగిన తరువాత బయలుదేరుట వలని లోపము అందులోనే కనబడుచున్నది.

ఈ మైత్రీయాత్రలో పాలుగొనిన ప్రపంచ శాంతిదళము లెబనాను దేశపు బ్రుమ్మానాలో, 1961 ముగియుచు 1962 ఆరంభమగు సంధిలో పుట్టినది. దాని ముగ్గురు అధ్యక్షులలో జయప్రకాశ నారాయణు గారొకరు. మైకేల్ స్కాటు, మస్టీ అనువారు తక్కిన యిరువురు. ఆ దళము ఎక్కువకాలము నిలువలేదు. కాని 1964 లో నాగాభూమిలో భారతప్రభుత్వమునకును నాగాయోధులకును నడుమ సంధి కుదుర్చుటకు బాప్టిస్టు సంఘముల పెద్దలు పూనుకొని మధ్యవర్తులను కోరినపుడు జయప్రకాశ గారును, క్రైస్తవగురువగు స్కాటు గారును, అస్సాము ముఖ్యమంత్రి చాలిహా గారును వెళ్లిరి. ఆ సంవత్సరము సెప్టెంబరు 6 వ తేదీన కాల్పుల విరమణ అమలులోనికి వచ్చెను. డాక్టరు ఆరాముగారు కోహిమాలో శాంతికేంద్రమును పెట్టుకొని సంవత్సరములతరబడి అచ్చటనే నివసించిరి. ఢిల్లీనుండి పెకింగునకు నడచినవారు చేయలేనిది, కోహిమాలో కదలక కూర్చున్నవారు కొంతవరకు చేయగలిగిరి.

వినోబాగారి చివరి సంవత్సరములు వారి కీర్తికి మచ్చ తెచ్చినవని అనేకుల యభిప్రాయము. 1974 లో బీహారునందు జయప్రకాశ గారు ప్రభుత్వముపై ఆందోళనము నడపుచుండగా, వినోబాగారు దానిని ఆమోదింపలేదు. సర్వోదయకార్యకర్తలు రెండుగా చీలిరి. శాంతిసేనయు వారితోపాటు చీలెను. 1975 జూన్ లో అత్యవసరపరిస్థితి ప్రకటింపబడి వేలకొలది జనులు చెరసాలల పాలైనపుడు వినోబాగారు మౌనవ్రతమున నుండిరి. ఆ కాలమును క్రమశిక్షణాపర్వమని యర్థమిచ్చునట్లు వారు వ్రాసి చూపిన మాటను ప్రభుత్వమువారు గోడలపై వ్రాయించిరి. ఆ మాట భావము వేరని వారు తరువాత వివరించిరి గాని అప్పటికే దాని పని అది చేసియుండెను. 1951 లో చెరసాలలోనికి పోయి రాజ్యమునకు ఎదురునిలిచినవారి మాట వినిన మనిషి, 1975 లో చెరసాల వైపు నడువలేదు. వారి భక్తులు నొచ్చుకొనినను ఈ సంగతి దాచుట న్యాయము కాదు. నడుమనిలుచువానికి ఒక పక్షము మనిషియను పేరు పడిన తరువాత ఆ స్థానము మరల దొరకదు.

శాంతిసేన ఆలోచన మాత్రము సముద్రము దాటెను. 1981 లో కెనడాదేశమునందు పలుదేశములవారు కూడి అంతర్జాతీయ శాంతిదళములను స్థాపించినపుడు, పూర్వము శాంతిసేన నడపిన నారాయణదేశాయి గారు అందు పాల్గొనిరి. ప్రాణాపాయమున నున్నవారి ప్రక్కన నిరాయుధులైన విదేశీయులు తోడుగా నిలుచుట వారి పద్ధతి. మధ్య అమెరికాలో గ్వాటిమాలా దేశమున వారట్లు పనిచేసిరి.

1982 నవంబరున వినోబాగారికి గుండెజబ్బు కలిగెను. వయస్సు ఎనుబదియేడు. ఔషధములను ఆహారమును వలదని, నవంబరు 15 వ తేదీన, దీపావళినాడు, పవనారు ఆశ్రమమున కన్నుమూసిరి. మరుసటియేట భారతప్రభుత్వము వారికి భారతరత్న బిరుద మొసగెను.

భూదానమున వచ్చిన భూమి దేశమంతట 42 లక్షల యెకరముల వరకు నుండెనని లెక్కలు చెప్పుచున్నవి. అందు మూడవవంతు మాత్రమే పేదలకు పంచబడినది. తక్కినది కొంత రాళ్లనేల, కొంత వ్యాజ్యములలో నున్న నేల. కొంత, ఇచ్చినవారి కుమారులు మరల తీసికొనినది. వినోబాగారు నడచిపోయిన తరువాత ఆ పల్లెలో నిలిచి, హద్దులు పాతించి, పట్టా వ్రాయించి, క్రొత్తరైతునకు ఎద్దులును విత్తనములును సమకూర్చువారు చాలలేదు. ఆంధ్రప్రదేశమున 1965 లో భూదాన గ్రామదాన చట్టము చేసిరి, మండలి నేర్పరచిరి. పోచంపల్లికి భూదాన పోచంపల్లి యను పేరు స్థిరపడెను. హైదరాబాదు నగరము పెరిగి చుట్టుపట్ల భూమి ధర ఆకాశమునంటిన తరువాత, ఆనాడు దానముగా వచ్చిన పొలములలో కొన్ని చేతులు మారెను. ఎవరు హక్కుదారులో తేల్చవలసిన దావాలు ఈనాటికిని న్యాయస్థానములలో నడచుచున్నవి.